యంత్రం మాటకు తాళం!

పొద్దున్నే మీ ఇంటికొచ్చే పాల ప్యాకెట్ వెనక ఓ చిన్న పెట్టె కష్టం ఉంటుంది. డెయిరీలో పాలను 72 డిగ్రీల వేడి దగ్గర కనీసం 15 సెకన్లు ఉంచాలి. వేడి తగ్గిందా... వాల్వు తిప్పేసి ఆ పాలను మళ్లీ కాగడానికి వెనక్కి పంపేస్తారు. చాలా డెయిరీల్లో ఆ పని చేయించేది పీఎల్‌సీ అనే పెట్టె. నీటిశుద్ధి కేంద్రాల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో కూడా ఇవే. వేడి ఎంతుందో ఆపరేటరుకు చూపించే కంప్యూటరు మాత్రం వేరే. ఆ రెండూ మాట్లాడుకునే భాషే ప్రోటోకాల్. చిక్కంతా అక్కడే!

సన్నపిన్ను... లావుపిన్ను

ఒకప్పటి సెల్‌ఫోన్ ఛార్జర్లు గుర్తున్నాయా? ఒకరిది సన్నపిన్ను, ఇంకొకరిది లావుపిన్ను. పీఎల్‌సీలదీ అదే తంతు. చాలా కంపెనీలు సొంత భాష పెట్టుకుని, ఆ గుట్టు గుప్పిట్లో ఉంచుకున్నాయి. పెట్టె కొన్నాక సాఫ్ట్‌వేరూ లైసెన్సూ వాళ్ల దగ్గరే కొనాలి. పదిహేనేళ్ల తర్వాత ఆ సాఫ్ట్‌వేరును కంపెనీ వదిలేస్తే, బంగారంలా పనిచేస్తున్న యంత్రానికి నోరు పడిపోయినట్టే.

ఎవరైనా చదువుకుని మార్చుకోగల ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడొచ్చుగా అంటారా? దానికీ ఆ భాష రావాలి కదా! కంపెనీని అడిగితే కొన్ని చెబుతాయి... 'ఎవరికీ చెప్పం' అని సంతకం పెడితేనే. ఓపెన్‌సోర్స్ అంటేనే రాసింది నలుగురికీ చూపించడం. సంతకం పెడితే చూపించకూడదు, చూపిస్తే మాట తప్పినట్టు. పోనీ ఆ ఒక్క ముక్కా మూసిపెట్టి ఇద్దామంటే, అది చెడిపోయిన రోజున మళ్లీ పాత గుమ్మం ముందే నిలబడాలి.

చెవి ఒగ్గి విని...

ఇక మిగిలింది వినడమే. 'ఫలానా ట్యాంకులో వేడెంత?' అని కంపెనీ సాఫ్ట్‌వేరుతోనే అడిగిస్తారు. తీగ మీద వెళ్లిన అంకెల వరసను రాసుకుంటారు. ట్యాంకు మార్చి మళ్లీ అడిగిస్తారు. ఏ అంకె మారిందో అదే ట్యాంకు గుర్తు! ఇలా వేల వరసలు. సీమెన్స్ ఎస్7 పీఎల్‌సీలతో మాట్లాడే లిబ్‌నోడేవ్, స్నాప్7 అనే ఓపెన్‌సోర్స్ ప్రోగ్రాములు ఇలాంటి ఓపికతోనే వచ్చాయి. తర్వాతి మోడళ్లలో కంపెనీ పద్ధతి మార్చింది. పెట్టెలో ప్రత్యేకంగా అనుమతి ఇస్తేనే ఆ పాత భాష నడుస్తుంది.

ఊహ తప్పితే? చదవడంలో తప్పితే తెర మీద తప్పు అంకె కనిపిస్తుంది. అదీ చిన్న విషయం కాదనుకోండి. రాయడంలో తప్పితే మాత్రం తెరవకూడని వాల్వు తెరుచుకోవచ్చు. అందుకే నడుస్తున్న ఫ్యాక్టరీలో ఈ ప్రయోగాలు చేయకూడదు.

ఇది దొంగతనం కాదా అన్న అనుమానం సహజం. చట్టబద్ధంగా చేతికొచ్చిన సాఫ్ట్‌వేరుతో సొంత ప్రోగ్రామును కలిపి పనిచేయించడానికి కావలసిన సమాచారం మరోలా తేలిగ్గా దొరక్కపోతే రాబట్టుకోవచ్చని మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో 1999లోనే చేర్చారు. 'గుట్టుగా ఉంటేనే భద్రం' అన్న వాదనా ఉంది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వైరస్, సీమెన్స్ సాఫ్ట్‌వేర్ పీఎల్‌సీతో మాట్లాడే ఫైలునే మార్చేసింది. గుట్టు దాన్ని ఆపలేదు.

తాళం వేయని కంపెనీ కూడా ఉంది. అమెరికాలో తొలి పీఎల్‌సీలు చేసిన మోడికాన్, 1979లో తన మోడ్‌బస్ భాషను అందరికీ ప్రకటించింది. కరెంటు మీటర్ల నుంచి సోలార్ ఇన్వర్టర్ల దాకా ఇవాళ్టికీ అది వినిపిస్తూనే ఉంది. 2006 నుంచి ఓపీసీ యూఏ అనే మరో ఉమ్మడి భాషా వచ్చింది. కొత్త పెట్టెల్లో చాలావాటికి అదీ తెలుసు. కాకపోతే కొన్ని కంపెనీల పెట్టెల్లో దాన్ని మాట్లాడించాలంటే... విడిగా లైసెన్సు కొనాలి!