ఐర్లండు పానశాలలో వాద్యగోష్ఠి

డబ్లిన్ నగరమున మెర్రియన్ రో అను వీథిలో ఓడోనహూ పానశాల కలదు. 'డబ్లినర్స్' బృందము 1962లో అచటనే రూపొందినది. సంప్రదాయ గోష్ఠికి వేదిక యుండదు. బల్ల చుట్టును కూర్చుండి ఫిడేలు, వేణువు, మోచేతితో తిత్తి నొక్కి పలికించు ఇలియన్ పైపులు వాయింతురు. మేకతోలు బోడ్రాన్ మన డప్పునకు చుట్టమే.

ఇది అనాది ఆచారమని పలువురు తలంతురు, కాదు. పూర్వము ఈ సంగీతము పల్లెయిండ్ల వంటగదులలో నాట్యమునకై మ్రోగెడిది. 1935 నాటి నాట్యశాలల చట్టము ఇంటి నాట్యములను అణచుటకు సాధనమైనది. పొట్టకూటికై లండన్ చేరిన ఐరిష్ కూలీలకు ఇరుకు గదులే గతి. వారు పానశాలలలో కూడి వాయించుకొనిరి. ఆ అలవాటే పిమ్మట స్వదేశమునకు చేరినది.

అచటికి పోవు శ్రోతలకు మేము ఒకటి చెప్పుదుము. మద్యము ముట్టకున్నను తప్పులేదు. వాద్యకారుల కుర్చీలలో మాత్రము కూర్చుండరాదు. ఎవరైన వాద్యము లేకయే పాట నెత్తుకొన్నచో గ్లాసుల చప్పుడు సైతము మానవలెను.