కావలి కెమెరాలను రికార్డరుతో జోడించుట

గ్రామపెద్దలారా! మా ధాన్యపుకొట్టునకు నేను నాలుగు కావలి కెమెరాలను పెట్టించితిని. బస్తాలు తగ్గిన సంగతి పదునేనవనాడు తెలిసినది. దొంగలు వచ్చిన రాత్రి దృశ్యములకై రికార్డరును వెదకగా నవి లేవు. ఆ కారణమును మీకు మనవి చేసెదను.

కెమెరా చూచును, జ్ఞాపకముంచుకొనునది రికార్డరు. రెంటిని కలుపునది నెట్‌వర్కు తీగ. తగిన పరికరములున్నచో విద్యుత్తును గూడ నా తీగయే కొనిపోవును. దాని పొడవు 100 మీటర్లు మించరాదు. రెండిండ్లకు నొకే సంఖ్య యున్న ఉత్తరములు దారితప్పును గదా! అట్లే ప్రతి కెమెరాకును వేరు సంఖ్య నీయవలెను. కర్మాగారమువారు పెట్టిన రహస్యపదమును వెంటనే మార్చవలెను. 2016లో మిరాయ్ అను దుష్టప్రోగ్రాము అట్లు మార్చని కెమెరాలలోనికే చొరబడినది.

ఇక నా పొరపాటు. సెకనుకు 4 మెగాబిట్లు పంపు కెమెరా దినమునకు సుమారు 43 గిగాబైట్లు నింపును. నాలుగు కెమెరాలకు 172 దాటును. నేను కొన్న డిస్కు 2 టెరాబైట్లది, అనగా 2000 గిగాబైట్లు. అది పదునొకండు దినములకే నిండి, పాతవానిని చెరిపి క్రొత్తవానిని వ్రాసికొన్నది. యంత్రము తప్పు చేయలేదు. నేనే లెక్క చూడనైతిని.

కావున మీరు ఎన్నినాళ్లకొకమారు సరకు లెక్కింతురో, అంతకు మించి దృశ్యములు నిలుచు డిస్కునే కొనుడు. వారమునకొకమారు పాతదృశ్యమును తెరచి చూచుచుండుడు.