కంచెలు దూకే గుర్రాలు – కనిపెట్టే కన్ను

గుర్రప్పందెమంటే మా బౌరంపేటలో ఎవరికైనా మలక్‌పేటే గుర్తుకొస్తుంది. అక్కడ గుర్రాలు చదునైన నేలమీద పరుగెత్తుతాయి. దూకే పని లేదు. పందెమన్న మాట వింటేనే మొగం చిట్లించే ఇల్లాళ్లున్నారు, వారిది న్యాయమే. నేను చెప్పబోయేది డబ్బు సంగతి కాదు, చూపు సంగతి.

ఇంగ్లండులో లివర్‌పూల్ దగ్గర ఎయిన్‌ట్రీ అనే మైదానముంది. 1839 నుంచి లెక్కగట్టే గ్రాండ్ నేషనల్ పందెం అక్కడిదే. నాలుగు మైళ్ల పైచిలుకు పరుగు, దారిలో ముప్పై దూకుళ్లు. ‘బీచర్స్ బ్రూక్’ అనే కంచె దగ్గర అవతలి నేల ఇవతలికన్న పల్లం; పైకెగిరిన గుర్రానికి కాలు ఎక్కడ ఆనుతుందో తెలియదు. టిక్కెట్టు కొని కూర్చున్నవారికి దూరపు మలుపులో జరిగేది చుక్కల్లా కనిపించేది. 1960లో బి.బి.సి. ఈ పందేన్ని మొదటిసారి టెలివిజన్‌లో చూపించింది. అప్పటినుంచి మైదానంలో ఉన్నవారికన్న ఇంట్లో కుర్చీలో కూర్చున్నవారికే ఎక్కువ కనబడింది!

1967 నాటి ముచ్చట వినండి. ఇరవైమూడో కంచె చాలా చిన్నది. రౌతును పడవేసి ఒంటరిగా పోతున్న పోపమ్ డౌన్ అనే గుర్రం ఆ కంచెకు అడ్డంగా మళ్లింది. వెనుక వచ్చేవి ఒకదానినొకటి గుద్దుకుని ఆగిపోయాయి. ఎంతో వెనుకబడి వస్తున్న ఫొయినావన్‌కు ఆ సందడిలో కాస్త సందు దొరికింది, దూకింది, గెలిచింది. రూపాయికి నూరిస్తామన్నా ఎవరూ ఆశపడని గుర్రమది. దాని శిక్షకుడు ఆనాడు మైదానానికే రాలేదు, ఇంకో ఊరి పందేనికి వెళ్లాడు. తెరమీద కనిపించిందల్లా ఒక కుప్ప. అందులోనుంచి ఆ ఒక్క పేరూ పట్టుకుని చెప్పింది వ్యాఖ్యాత మైకేల్ ఒహేర్. ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న నాకు ఆ నోటిని చూస్తే అసూయే.

అయితే తెరిచిన కంటికి నచ్చినవే కనబడవు గదా! 2011లో రెండు గుర్రాలు పోయాయి. రెండో చుట్టులో రెండు కంచెలను దూకించకుండా పక్కనుంచి పోనిచ్చారు. ఆ పందెంలో అట్లా జరగడం అదే మొదలు. పైనుంచి తీసిన దృశ్యంలో గుడ్డ కప్పిన కళేబరం ఇంటింటా కనిపించింది. పిల్లలు అదేమిటని అడిగితే తల్లులేం చెప్పి ఉంటారు? 2012లో మరి రెండు పోయాయి. 2013 నాటికి కంచెల లోపలి కొయ్యలను తీసి, వంగే ప్లాస్టిక్ పెట్టారు. 2024లో నలభై గుర్రాలను ముప్పై నాలుగుకు తగ్గించారు. వేళ కూడా ముందుకు జరిపారు, మన గడియారంలో రాత్రి ఎనిమిదిన్నర, అన్నాల వేళ. టెలివిజన్ లేని రోజుల్లోనూ గుర్రాలు చచ్చాయి. అప్పుడు చూసినవారు వేలమంది, ఇప్పుడు లక్షలమంది. ఊరుకోనిది ఆ లక్షలే అని నా నమ్మకం.

2020లో కరోనా వల్ల పందెం జరగలేదు. ఆ శనివారం కంప్యూటర్ కల్పించిన పందేన్ని ఐ.టి.వి. చూపించింది. గెలిచిన గుర్రం పేరు పాటర్స్ కార్నర్. జనం లక్షల సంఖ్యలో కూర్చుని చూశారు; అందులో పడిన గుర్రాలలో ఒక్కదానికీ దెబ్బ తగలలేదు.