టర్బో కారునకు గాలిత్రోవ



ముప్పదియైదు సంవత్సరములు పిల్లలకు సంధులును సమాసములును బోధించిన నేను నేడు మోటారుబండిని గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. తోచుట న్యాయమే. నాకు కారు నడుపుట రాదు. ఐనను ఈ విషయమున నేనొక పొరపాటు చేసితిని. దాని ఫలమును మరియొకడు అనుభవించెను. ఆ తరువాత తెలిసినవారిని అడిగియు, పుస్తకములు చదివియు నేర్చుకొన్నదానిని మీకు నివేదించుటయే నేటి నా పని.

ఇంటి డబ్బు మీ చేతిలో నుండును. కుమారుడో మనుమడో వచ్చి, “బాపూ, కారుకు కొత్త ఎయిర్ ఇన్‌టేకు వేయిస్తె బలం పెరుగుతది, పైసలియ్యి” అని యడుగు దినములివి. ఇయ్యవలెనా, వలదా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న, ఇంజను ఊపిరి యెట్టిదో ముందు తెలియవలెను.

ఇంజను కేవలము నూనె త్రాగి బ్రతుకునదని మన మనుకొందుము. అది సగము నిజము. ఒక లీటరు పెట్రోలు సరిగా కాలుటకు సుమారు 11 కిలోల గాలి కావలెను. తూకము మాని కొలత చొప్పున చూచినచో అది 9,000 లీటర్లకు మించును. అనగా ఒక చిన్న వంటగదిలో పట్టునంత గాలి. లీటరు నూనెకు గదినిండ గాలి! కావున ఇంజనుకు అన్నముకంటె ఊపిరియే అధికము.

కమ్మరి కొలిమిని మీరందరును చూచియున్నారు. తిత్తి నూదినకొలది బొగ్గు భగ్గుమని మండును. గాలి యెక్కువైన మంట యెక్కువ. టర్బోచార్జరనునదియు తిత్తియే. ఐతే కొలిమి తిత్తిని మనుష్యుడు లాగవలెను. ఈ తిత్తిని ఇంజను విడుచు పొగయే నడుపును. వ్యర్థముగా బయటికి పోవు వేడిపొగ యొక చిన్న చక్రమును త్రిప్పును. అదే యిరుసుకు రెండవ కొనయందున్న మరియొక చక్రము బయటి గాలిని లాగి, అదిమి, సిలిండరులోనికి పంపును. ఈ యుపాయమునకు స్విట్జర్లాండు దేశస్థుడైన ఆల్ఫ్రెడ్ బూకీ 1905లో పేటెంటు పొందెను. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అను నతడు 14,000 అడుగులకు పైబడిన పైక్స్ శిఖరముపైకి ఒక విమానపు ఇంజనును కొనిపోయి, గాలి పలుచనైన ఆ యెత్తునను టర్బో సాయమున ఇంజను బలము తగ్గకుండునని నిరూపించెను. నేడు మన పల్లెలలో తిరుగు డీజిలు జీపులు మొదలుకొని చిన్న పెట్రోలు కార్లవరకు పెక్కింటిలో ఈ తిత్తి యున్నది.

ఈ చక్రముల వేగము ఊహకందనిది. చిన్న బండ్లలో నిమిషమునకు లక్ష చుట్లు దాటి, ఒక్కొక్కప్పుడు రెండు లక్షలవరకు తిరుగును. గాలి లాగు చక్రపు రెక్కలు పలుచని అల్యూమినియపు మిశ్రలోహముతో చేయబడినవి. ఇసుకరేణువో సామాన్యమైన ఇనుమునే గీయగల కఠినపదార్థము. ఆ వేగమున తిరుగు ఆ రెక్కకు ఈ రేణువు తగిలిన నేమగునో వేరుగ చెప్పనక్కరలేదు. మన యిల్లాండ్రు బియ్యమును గాలించి, రాళ్ళు తీసి, పిమ్మట ఎసటిలో పోయుదురు. అట్లే గాలిని గాలించి ఇంజనుకు పెట్టవలెను. గాలిత్రోవకు మొదటి ధర్మము శుభ్రత.

రెండవ ధర్మము చల్లదనము. సైకిలు పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగు కాలుట మీకు అనుభవమే. అదిమిన గాలి వేడెక్కును. టర్బోలో అదిమిన గాలి నూరు డిగ్రీలు దాటుటయు కలదు. అందుచేతనే దానిని చల్లార్చుటకు ఇంటర్‌కూలరును ముందుభాగమున అమర్తురు. వేడిగాలి పలుచన. 30 డిగ్రీల గాలికి మారుగా 60 డిగ్రీల గాలిని పీల్చినచో, అదే కొలతలో నూటికి తొమ్మిది వంతులు గాలి తూకము తగ్గిపోవును.

మూడవ ధర్మము పొడిదనము. దానిని గూర్చి తరువాత చెప్పెదను.

ఇక అంగడిలో దొరకు గాలిత్రోవలు ముఖ్యముగా ఐదు విధములు. మొదటిది, బండి చేసినవారే యమర్చిన మూతపెట్టె. అందులో మడతలు పెట్టిన కాగితపు ఫిల్టరుండును. దాని నోరు బండి ముందరి చల్లగాలికి తెరచియుండును. రెండవది, అదే పెట్టెలో కాగితమునకు బదులు నూనె పూసిన నూలుబట్ట ఫిల్టరు. దీనిని కడిగి మరల వాడవచ్చును. మూడవది, పెట్టెను తీసివైచి ఇంజను ప్రక్కనే బయలుగా నిలిపిన శంకువు ఆకారపు ఫిల్టరు. నాల్గవది, చల్లగాలికై క్రింది బంపరు వెనుకకు దించిన పొడుగు గొట్టము. ఐదవది, కప్పు యెత్తువరకు పైకి లేపిన గొట్టము, దీనిని స్నార్కెలందురు.

ఇప్పుడు నా పొరపాటు వినుడు. నా వద్ద చదువుకొన్న యొక యువకుడు అర యెకరము అమ్మి, టర్బో డీజిలు బండి కొని, బాడుగకు నడుపుచుండెను. రాత్రివేళ వారి యూర నెవరికి జబ్బుచేసినను వరంగల్లునకు తెచ్చుట కా బండియే దిక్కు. ఒకనాడతడు వచ్చి, మూడవ విధమగు బయలు ఫిల్టరును వేయించుకొందునని చెప్పి, “గాలి ఎక్కువ పోతె బలం ఎక్కువ రాదా సారూ?” అని యడిగెను. తర్కము సరిగానే యున్నట్లు తోచి, “నిజమే నాయనా, వేయించుకొనుము” అంటిని. గురువు మాటయని అతడు వేయించుకొనెను. బండి బుస్సుమని శబ్దము చేయసాగెను. బలము పెరిగినదని అతడు సంతసించెను. చెవికి వినబడిన బలము చక్రమునకు అందలేదని మాకు తెలియదు.

రెండు పత్తికాలములు గడచినవి. ఎనుమాముల మార్కెట్టు త్రోవలో పత్తిబండ్ల వెంట నెగురు దూది నూగు, వరికోత యంత్రములు లేపు దుమ్ము, రోడ్డుపై ఆరబోసిన వడ్ల తాలు, క్వారీలనుండి వచ్చు రాతిపిండి — ఇవన్నియు ఆ బయలు ఫిల్టరు చుట్టు మూగినవి. ఒక రాత్రి పురిటినొప్పులు పడుచున్న యొక స్త్రీని తెచ్చుచుండగా, బండి నల్లని పొగ విడుచుచు నడకబండివలె నైపోయెను. దైవకృప వలన వెనుక వచ్చు వేరొక బండి ఆమెను ఎక్కించుకొన్నది. తల్లియు బిడ్డయు క్షేమము. మరునాడు మెకానిక్కు విప్పి చూచి, గొట్టము లోపలి గోడలకు సన్నని దుమ్ము పట్టియుండుటయు, టర్బో రెక్కల అంచులు అరిగి మొద్దువారుటయు చూపెను. క్రొత్త టర్బో వేయించుటకు ఒక పంటకాలపు సంపాదన పోయెను. ఆ పిల్లవాడు నన్నొక్క మాటయు అనలేదు. అందుచేతనే నేను మరింత బాధపడితిని.

గాలి యెక్కువ పోయిన బలము పెరుగదా యన్నచో, దానికి సమాధానము మన చెరువుల కడ నున్నది. పాకాల చెరువు తూమును రెట్టింపు వెడల్పు చేసినంత మాత్రమున ఆయకట్టు రెట్టింపగునా? కాలువ అదియే, మడి అదియే గదా! నేటి టర్బో బండిలో సిలిండరుకు ఎంత గాలి, ఎంత నూనె పోవలెనో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయించును. ఫిల్టరు కొంచెము అడ్డగించినను, టర్బో మరికొంత వేగముగ తిరిగి ఆ నిర్ణీతమును పూర్తి చేయును. ఆ లెక్క మార్చనంతవరకు క్రొత్త గొట్టము వలన కలుగు లాభము స్వల్పము. పైగా బయలు ఫిల్టరు ఇంజను వేడిగాలినే పీల్చును గనుక, ఎండకాలమున నష్టమే కలుగవచ్చును.

నూనెబట్ట ఫిల్టరు సంగతియు చెప్పవలెను. మంచి కాగితపు ఫిల్టరంత సన్నని దుమ్మును అది సాధారణముగ ఆపజాలదు. కడిగిన పిమ్మట నూనె ఎక్కువ పూసినచో, అది ముందుకు పోయి గాలిని కొలుచు సున్నితమైన సెన్సరుకు అంటుకొనును. కొలత తప్పిన బండి బలహీనమగును.

ఇక పొడిదనము. 2023 జూలై నెలాఖరున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచినది. హన్మకొండ వీధులలో నీరు నిలిచినది. అట్టి దినమున బంపరు వెనుక క్రిందికి దించిన గొట్టము గాలికి బదులు నీటిని పీల్చును. గాలి అదిమిన అణగును, నీరు అణగదు. పిస్టను పైకి వచ్చి నీటిని తాకగానే దానిని మోయు కడ్డీ వంగిపోవును, ఇంజను పాడగును. నీటిలో బండి ఆగినచో మరల స్టార్టు చేయనేరాదు. త్రోసి గట్టుకు చేర్చవలెను. స్నార్కెలు గాలిని ఎత్తునుండి తీయును గాన దుమ్మునకును నీటికిని కొంత మేలు. కాని అది కారును పడవగా చేయదు. పొంగిన వాగులో చక్రములు నేలవిడుచుటను గొట్టము ఆపజాలదు.

కావున నా మనవి యిది. మన జిల్లాల దుమ్ములో తిరుగు బండికి తయారీదారులు పెట్టిన మూతపెట్టెయు, మంచి కాగితపు ఫిల్టరునే శ్రేష్ఠములు. క్రొత్త గొట్టమునకు వ్యయపరచు ద్రవ్యముతో పెక్కు ఫిల్టర్లు వచ్చును. బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన గడువుకంటె ముందుగనే ఫిల్టరును మార్చవలెను. ఏలయన ఆ గడువు మంచి రోడ్లకు వ్రాసినది. ఐనను ప్రతిదినము పెట్టె తెరచి చూడరాదు. కొంచెము దుమ్ము పట్టిన కాగితము క్రొత్తదానికంటె సన్నగా వడపోయును. తెరచినప్పుడెల్ల దుమ్ము లోపలికి జారు భయమును కలదు. గట్టి గాలిపంపుతో ఊదినచో కాగితము చిరుగవచ్చును. గొట్టపు బిగింపులు వదులుగా నున్నచో ఎంత మంచి ఫిల్టరైనను నిష్ఫలము.

ఒక పరీక్ష మీరే చేయవచ్చును. ఇంజను ఆపి, చల్లారిన తరువాత, ఫిల్టరు దాటిన గొట్టములోపల తెల్లని గుడ్డతో తుడువమనుడు. గుడ్డ మాసినచో దుమ్ము లోపలికి పోవుచున్నదని యర్థము. మీ పిల్లవాడు క్రొత్త ఇన్‌టేకుకు డబ్బడిగిన నాడు ముందుగా ఆ గుడ్డను చూపుమని యడుగుడు.

నా శిష్యుని బండికి ఇప్పుడు పాత పెట్టె మరల వచ్చినది. శబ్దము లేదు. రాత్రివేళ ఆ యూరివారిని మరల వరంగల్లునకు తెచ్చుచున్నది. ఇంతటితో విరమించుచున్నాను. సెలవు.