బందరులో ఏముందని?

మంగినపూడి బీచిలో గంటసేపు గడిపి తిరుగు బస్సెక్కేవాళ్లకు బందరు, అంటే మచిలీపట్నం, కనబడదు. రెండు రాత్రులు ఉండి, నడిచి, నలుగురిని పలకరిస్తే మాత్రం నాలుగు వందల ఏళ్ల ముచ్చట్లు విప్పుతుంది.

"బందరా? అక్కడ చూడ్డానికేముందండీ!" విజయవాడ బస్సులో పక్క సీటు పెద్దాయన ఆశ్చర్యపోయారు. ఆయనది బందరేనట. బీచికి వెళ్లి, లడ్డు కొనుక్కుని సాయంత్రానికి వచ్చేయమని సలహా కూడా ఇచ్చారు. ఆ ప్రశ్నకు నాకు మొదటి జవాబు బందరుకు పది కిలోమీటర్ల దూరంలోని పెడనలో దొరికింది.

పొడవాటి బల్ల మీద బట్ట పరిచి ఉంది. కరక్కాయ నీళ్లలో, పాలలో తడిపి ఆరబెట్టిన బట్ట అది. అద్దకం పనిలో తల నెరిసిన ఒకాయన టేకు అచ్చును పటిక ద్రావణంలో అద్ది, బట్ట మీద పెట్టి, పిడికిలితో ఒక్క దెబ్బ వేశారు. అచ్చు తీస్తే లేత మరక తప్ప ఏమీ లేదు. పువ్వేదని అడిగాను. "ఇప్పుడేం కనబడదండి. ఉడికాక చూడండి" అన్నారు.

పేటల పేర్లలో చరిత్ర

బందరు అంటే పారశీకంలో రేవు. ఊరి పేరే వ్యాపారుల నోట పుట్టింది. గోల్కొండ కుతుబ్‌షాహీలకు సముద్రపు వాకిలి ఇదే. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడ దిగారు. తరవాత ఫ్రెంచివాళ్లు వచ్చారు. 1759లో ఇక్కడి కోట వాళ్ల చేతిలోంచి ఇంగ్లీషువాళ్ల చేతిలోకి పోయింది.

ఇదంతా ఏ ప్రదర్శనశాలలోనో వెతకక్కర్లేదు, ఆటో ఎక్కి పేటల పేర్లు అడిగితే చాలు. డచ్చివాళ్లను మనవాళ్లు వలందులన్నారు కాబట్టి వలందపాలెం. ఫ్రెంచివాళ్లు పరాసులు కాబట్టి పరాసుపేట. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పనక్కర్లేదు. మూడు దేశాల జెండాలూ దిగిపోయినా, కూరగాయల బండివాడి కేకలో ఆ పేర్లు ఇంకా వినబడుతూనే ఉన్నాయి.

డచ్చి సమాధుల దగ్గర ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. నల్లటి రాతిపలకల మీద ఉబ్బెత్తు అక్షరాలు, వంశ చిహ్నాలు. చదవడం రాకపోయినా వేలితో తడిమితే అక్షరం తెలుస్తుంది. సొంత ఊరు మళ్లీ చూడకుండానే ఈ మట్టిలో కలిసినవాళ్లు వాళ్లు. ఆ రాళ్ల ముందు నిలబడితే వ్యాపారం లెక్కల కన్నా మనుషుల బతుకులే ముందు గుర్తొస్తాయి.

వాళ్లందరినీ ఇంత దూరం రప్పించినవాటిలో ముఖ్యమైనది బట్ట. కృష్ణా తీరపు ఇసుక నేలల్లో దొరికే చిరివేరుతో అద్దిన ఎరుపు, ఉతికినకొద్దీ నిగ్గుతేలేది. రేవు దగ్గర లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడలు దూరంగా నిలిచేవి, మూటలు చిన్న పడవల్లో వెళ్లి ఓడకెక్కేవి.

ఒక్క రాత్రి

తరవాత మద్రాసు పెరిగింది, బందరు రేవు తగ్గింది. ఇంగ్లండు మిల్లుబట్ట వచ్చి అద్దకాన్ని దెబ్బతీసింది. ఆపైన 1864 నవంబరు 1 రాత్రి తుపాను విరుచుకుపడి, ఉప్పెన ఊరి మీదికి వచ్చింది. సుమారు 30 వేలమంది పోయారని లెక్క. ఒకప్పుడు ఓడల సామాను కాచిన బందరు కోటలో ఇప్పుడు శిథిలాలే మిగిలాయి. పాత రేవు వైపు నడుస్తుంటే కాళ్ల కింద బురద నేల, పైన ఉప్పుగాలి. ఇంత దెబ్బ తిన్న ఊరు మళ్లీ లేచి నిలబడిందంటే ఆ మనుషులకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

మళ్లీ లేచిన ఊరు

లేవడమే కాదు, మిగతా ఆంధ్రకు దారి చూపించింది. 1902లో కృష్ణా పత్రిక ఇక్కడే పుట్టింది. ముట్నూరి కృష్ణారావు దాన్ని దశాబ్దాల పాటు నడిపారు. 1907లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ వచ్చి వెళ్లాక జాతీయ విద్య కావాలన్న పట్టుదల పెరిగి, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. కోపల్లె హనుమంతరావు దానికి ప్రాణం పోశారు. 1921లో బెజవాడలో గాంధీజీకి జాతీయ జెండా నమూనా అందించిన పింగళి వెంకయ్య అక్కడ పనిచేసినవారే, పుట్టింది కూడా ఈ పక్కనున్న భట్లపెనుమర్రులో. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఈ ఊళ్లోనే ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు, దాని పాసుపుస్తకంతో పెరిగిన తెలుగు ఇళ్లలో ఒక వెలితి మిగిలింది.

చేతి చలువ

బందరు లడ్డును తొక్కుడు లడ్డు అంటారు. శనగపిండిని కలిపి పూసలా నూనెలో వేయించి, రోట్లో దంచి పొడి చేసి, జల్లించి, బెల్లం పాకంతో, నేతితో కలిపి మళ్లీ దంచుతారు. నోట్లో పలుకు తగలకుండా కరిగిపోతుందంటే అదంతా రోకలి పట్టిన చేతి చలువ. చిలకలపూడి బంగారమూ అంతే. అది బంగారం కాదు, పూత నగలని అందరికీ తెలుసు. అయినా పెళ్లిళ్ల రోజుల్లో ఎన్ని ఇళ్ల ఆడపిల్లల మెళ్లో ముచ్చట తీర్చిందో! ఒక దుకాణంలో చిన్న గొలుసు కొన్నాను. కట్టిచ్చిన అమ్మాయి, "నీళ్లు తగలనీయకండి, చాలాకాలం ఉంటుంది" అని జాగ్రత్తలు చెప్పింది.

బయల్దేరే రోజు పొద్దున మళ్లీ పెడన వెళ్లాను. రాగి డేగిసాలో నీళ్లు మరుగుతున్నాయి. ఇప్పుడు చిరివేరు బదులు అలిజరిన్ అనే రసాయన రంగు వాడుతున్నారు. అద్దకం పెద్దాయన రెండు కర్రలతో బట్టను తిరగేస్తూ నన్ను దగ్గరికి రమ్మన్నారు. పటిక తగిలిన చోటల్లా ఎరుపు ఎక్కుతోంది. ముందు అంచు, తరవాత తీగ, ఆకు, పువ్వు. తడిబట్టను బయటికి తీసి దులిపి, నా ఎదురుగా ఎత్తి పట్టుకున్నారు.

"ఇదిగోండి, మీరడిగిన పువ్వు."

*వెళ్లాలనుకుంటే: విజయవాడ నుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు. బస్సులు తరచుగా ఉంటాయి. గుడివాడ మీదుగా వెళ్లే రైలు పెడనలో ఆగుతుంది. ఎండలు తగ్గే డిసెంబరు, జనవరి హాయిగా ఉంటాయి. అద్దకం చూడాలంటే పొద్దున్నే వెళ్లండి. అక్కడ పనివాళ్లను ముందుగా అడిగి ఫొటోలు తీసుకోండి.*