రేకు మరువని దెబ్బ

మోదుగాకును నేలపై పరచిన బల్లపరుపుగా నుండును. దానిని దొప్పగా చేయదలచిన ఇల్లాలు అంచును రెండుమూడుచోట్ల మడిచి ఈనెపుల్లతో గ్రుచ్చును. ఆకును గొట్టముగా చుట్టవచ్చును, పొట్లముగా మలచవచ్చును. అందులకు దాని కొలతలో మార్పు అక్కరలేదు. కాని గిన్నె యాకారము కావలెనన్న అంచు కొంత తగ్గవలెను, లేదా నడుమ కొంత పెరుగవలెను. ఇది ఇల్లాలి నేర్పు మాత్రమే కాదు. జర్మను గణితవేత్త కార్ల్ ఫ్రీడ్రిష్ గౌస్ 1827లో లోకమునకు తెలిపిన సిద్ధాంతము దీని వెనుక నున్నది. చదునైన తలమును సాగదీయక, కుదింపక గోళతలముగా వంచుట ఎన్నటికిని సాధ్యము కాదని దాని తాత్పర్యము. భూగోళమును పటముగా గీయునపుడు ఎక్కడనో ఒకచోట కొలత తప్పుటకు కారణము ఇదియే. నారింజతొక్కను చిరుగకుండ బల్లపై పరచుటకు యత్నించిన విద్యార్థికి ఈ సంగతి వేరుగా బోధింపనక్కరలేదు.

ఇదే సత్యమును సుత్తిదెబ్బలతో నేర్చుకొనువారు కొందరు కలరు. జీవనోపాధి వేరొకటి యుండగా, సెలవుదినములలో పాతకారును పెరటిలో నిలిపి, దాని రేకును స్వహస్తములతో సరిచేసికొను ఔత్సాహికులు వారు. మన దేశమున ఇట్టివారి అభిమానమునకు పాత్రమైన వానిలో అంబాసిడరు ఒకటి. ఇంగ్లండుదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు దానికి మాతృక. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున 1957 మొదలు 2014 వరకు అది తయారైనది. గుండ్రని కప్పు, ఉబ్బిన మడ్గార్డులు, కుండ భుజమువలె జారు వెనుకభాగము దాని లక్షణములు. రెండు దిక్కులకును వంగిన ఇట్టి తలములే సుత్తి పట్టినవానికి కఠిన పరీక్ష.

కర్మాగారములో ఈ వంపులను బరువైన యంత్రములు ఉక్కు అచ్చుల నడుమ రేకును అదిమి తీయును. ఇంట నున్నవానికి అచ్చులు లేవు. ఇసుక నింపిన తోలుసంచిపై రేకు నుంచి కొయ్యసుత్తితో మోదిన నడుమభాగము సాగి పల్లమగును. అంచును మడతలుగా నొక్కి, ఆ మడతలను మెల్లగా అణచినచో అంచు కుదియును. ఇది దొప్ప కుట్టు ఇల్లాలి యుపాయమే. కొందరు ఇంగ్లీషు చక్రమను సాధనమును వాడుదురు. పైనొక చదునైన ఉక్కుచక్రము, క్రిందనొక గుబ్బయైన చిన్నచక్రము నుండును. వాని నడుమ ముందుకు వెనుకకు నడుపబడిన రేకు, అప్పడాల కర్ర క్రింది పిండివలె పలుచనై వ్యాపించి, క్రమముగా బోర్లించిన మూకుడువలె వంపు తిరుగును.

క్రొత్త రేకును మలచుటకన్న సొట్టపడిన పాత రేకును సరిచేయుటలో ఎక్కువ వివేకము కావలెను. మడ్గార్డు ఏ స్తంభమునకో తగిలి లోనికి పోయినదనుకొందము. అనుభవము లేనివాడు వెనుకకు చేరి, పల్లముయొక్క నడిబొడ్డున బలముగా కొట్టును. పనిలో ఆరితేరినవాడు ముందుగా సుత్తి ముట్టడు. అరచేతితో తడిమి సొట్టను చదువును. దెబ్బ తగిలినపుడు మొదట పల్లము పడినది. తరువాత దాని చుట్టును గట్టువలె మిట్టలు లేచినవి. చిట్టచివర పుట్టిన మిట్టను మొట్టమొదట విప్పవలెను. ముడి వేసిన వరుసకు ఎదురువరుసలో ముడి విప్పినట్లే ఇదియు. పల్లము వెనుక చిన్న ఇనుపదిమ్మె ఆనించి, మీదినుండి ప్రక్కనున్న గట్టుపై తేలికగా తట్టుచుండగా గట్టు దిగును, పల్లము లేచును. దిమ్మెకును సుత్తికిని నడుమ రేకు నలుగదు కనుక సాగనుసాగదు.

తొందరపడి కొట్టినవాని గతి వేరు. కారు రేకు మందము సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. ఇనుముపై నుంచి ఇనుముతో కొట్టిన ప్రతిదెబ్బకును అది పలుచబడి వైశాల్యమున పెరుగును. పెరిగినది ప్రక్కకు పోవుటకు చోటు లేదు. అందుచేత ఉబ్బి నిలుచును. ఒకవైపు నొక్కిన మరొకవైపునకు నూనెడబ్బా అడుగువలె టపటపలాడును. ఇంకను కొట్టినకొలది ఇంకను పెరుగును. పౌరుషముతో పని తీరదని నేర్చుకొనుట కిది తగిన పాఠము.

దెబ్బతిన్న లోహము మరియొక విధముగ కూడ మారును, అది గట్టిపడును. కంచరి ఈ సంగతి తరతరములుగ నెరుగును. రాగిచెంబును కొంతసేపు సాగగొట్టి, మరల కొలిమిలో కాల్చి మెత్తపరచుకొనును. కాల్చకున్న చెంబు పగులును. ఇందలి రహస్యమును 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు వేరువేరుగా వివరించిరి. లోహములోని పరమాణువుల వరుసలలో కొన్ని రేఖామాత్రపు లోపము లుండును. అవి జరుగుటవలననే లోహము వంగును. దెబ్బలు హెచ్చినకొలది ఆ లోపములు పెరిగి, చిక్కుపడిన దారములవలె ఒకదాని నొకటి అడ్డగించును. అందుచేత వెనుకటి దెబ్బలను రేకు మరువదు; తరువాతి దెబ్బకు అది లొంగు విధమే మారిపోవును.

అయినను సాగిన రేకును కుదించు మార్గము కలదు. ఉబ్బిన చోట చిన్న నాణెమంత మేర మంటతో ఎర్రగా కాల్తురు. ఆ చోటు వేడికి వ్యాకోచింప జూచును. చుట్టునున్న చల్లని లోహము దానిని కదలనీయదు. మెత్తబడిన యుక్కు ప్రక్కకు పోలేక మందమున పెరుగును. చల్లారునపుడు సంకోచించుచు పరిసరమును తనవైపునకు లాగికొనును. భౌతికశాస్త్రపు మొదటి పాఠములలోని వ్యాకోచ సంకోచములే ఇచట వైద్యము చేయుచున్నవి.

ఇంతవరకు చెప్పినది అందమునకు సంబంధించినది. ప్రాణమునకు సంబంధించినది మరియొకటి కలదు. అంబాసిడరునకు వేరుగా చట్రము లేదు, దేహమే చట్రము. తలుపుల క్రిందుగా, ముందునుండి వెనుకకు సాగు పెట్టెవంటి దూలము బరువు మోయుభాగములలో ముఖ్యమైనది. దాని లోపల నీరు నిలిచిన, బయటికి కనబడకుండ తుప్పు పుట్టును. సముద్రతీరమున ఉప్పుగాలి ఆ పనిని త్వరపరచును. ఒకనాడు స్క్రూడ్రైవరుతో పొడిచినంతనే రేకు బిస్కత్తువలె విరుగును. అపుడు ఔత్సాహికుని యెదుట రెండు దారులుండును. రంధ్రమును లప్పముతో పూడ్చి, నునుపుచేసి, రంగు వేయుట మొదటిది. ఒక పూటలో పని ముగియును. బండి క్రొత్తదానివలె మెరయును. కాని లప్పము బరువు మోయదు. ఏ ప్రమాదములోనో దూలము ముడుచుకొనిపోయినచో లోపల కూర్చున్న భార్యాబిడ్డలకు ఆ మెరుపు రక్షకాదు.

రెండవ దారి దీర్ఘమైనది. తుప్పు పూర్తిగ తొలగి తెల్లని లోహము కనబడువరకు కోయవలెను. దళసరి కాగితముతో కొలత తీసి, అదే మందముగల రేకును కత్తిరించి, వంపు తెచ్చి, వెలితి లేకుండ పొదుగవలెను. అతుకు పెట్టు మంట వేడిమి 3,000 డిగ్రీల సెంటీగ్రేడును మించును. ఉక్కు అందులో సగమునకే కరుగును. ఒకేపట్టున అతికిన రేకు మెలికపడును. కనుక దూరదూరముగా చుక్కలు పెట్టి, చల్లారనిచ్చి, నడుమ పూరింతురు. పనికి ముందు పెట్రోలు తొట్టిని బండినుండి తీసి దూరముగ నుంచుట తప్పనిసరి. ఖాళీతొట్టిలోని ఆవిరి నిండుతొట్టికన్న ప్రమాదకరము. నేర్పు చాలదని తోచినచో ఈ దూలపు పనిని నిపుణునకు అప్పగించుటయు వివేకమే.

లప్పము వాడరాదని కాదు. సుత్తిపని చక్కగ ముగిసిన పిదప మిగిలిన వెంట్రుకవాసి లోపమును పూడ్చుటకు పలుచని పూత దోషము కాదు. లోహము ఉండవలసిన చోట అది కూర్చుండుటయే దోషము.

రంగు వేసిన తరువాత కంటికి రెండు పనులును ఒక్కటిగనే తోచును. కాని పాతబండ్లను కొనువారిలో తెలిసినవారు జేబులో ఒక చిన్న అయస్కాంతము నుంచుకొందురు. పలుచని గుడ్డలో చుట్టి దానిని రేకు వెంబడి నడుపుదురు. ఉక్కు ఉన్నంతమేర అది అంటుకొని సాగును. లప్పము దట్టమైన చోట పట్టు విడిచి చేతిలోనికి జారును. ఎంత మెరుగు పెట్టినను ఆ చోటు దాగదు.