మాక్స్‌ముల్లర్ మార్గ్‌లో మాటల కొలువు

ఢిల్లీలో లోడీ గార్డెన్ పక్కనున్న రోడ్డు పేరు మాక్స్‌ముల్లర్ మార్గ్. రుగ్వేదాన్ని సాయణ భాష్యంతో సహా అచ్చువేయించిన ఆ జర్మన్ పండితుడు జన్మలో ఒక్కసారి కూడా ఈ దేశంలో అడుగుపెట్టలేదు. దేశదేశాలవాళ్లు వచ్చి ప్రసంగించే ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్ మాత్రం ఆయన పేరున్న ఈ రోడ్డులోనే, 40వ నంబరులో వెలిసింది.

ఈ సెంటర్ ఆలోచన 1958 నాటిది. అప్పటికే టోక్యోలో నడుస్తున్న ఇంటర్నేషనల్ హౌస్ లాంటిది ఇక్కడా ఉంటే బాగుంటుందని మూడో జాన్ డి. రాక్‌ఫెల్లర్, డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ మాట్లాడుకున్నారు. 1960 నవంబరు 30న శంకుస్థాపన చేసింది కూడా జపాన్ యువరాజు అకిహితోనే. 1962 జనవరి 22న ఉపరాష్ట్రపతి హోదాలో రాధాకృష్ణన్ ప్రారంభించారు. దేశాల మధ్య మాటల వంతెన వేయడం ఆయనకు సొంత విద్యే మరి! 1926లో ఆక్స్‌ఫర్డ్‌లో హిందూ జీవన దృక్పథం మీద ఆయన చేసిన ప్రసంగాలే మరుసటి ఏడాది పుస్తకమయ్యాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా విశాఖ వచ్చింది ఆ తర్వాతే.

కట్టింది అమెరికన్ ఆర్కిటెక్ట్ జోసెఫ్ అలెన్ స్టైన్. అద్దాల మేడ కట్టలేదాయన. గరుకు రాతి గోడలు, నీలిరంగు మెరుపు పెంకుల జాలీలు, చెట్ల మధ్య ఒదిగిన వరండాలు. పక్కనే పదిహేను, పదహారు శతాబ్దాల సుల్తానుల సమాధులున్నాయి. వాటితో పోటీపడకుండా కట్టడమే స్టైన్ గొప్పదనం. ఎండ ఆ జాలీల గుండా ముక్కలు ముక్కలుగా నేలమీద పడుతుంటే ప్రసంగం సంగతి కాసేపు మరిచిపోతాం.

సెంటర్ తొలి అధ్యక్షుడు సి.డి. దేశ్‌ముఖ్. ఆయన సతీమణి మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో టికెట్ లేదని నెహ్రూ అంతటివాణ్ని గేటు దగ్గర ఆపిన పిల్ల ఆవిడే. సామాజికాభివృద్ధి మండలికి ఆవిడ 1962లో బీజం వేసింది ఈ ఆవరణలోనే.

సాయంత్రం సభలో అసలు రుచి ప్రశ్నల వేళలోనే. ప్రశ్న అడుగుతానని లేచి తానే ఉపన్యాసం అందుకునే పెద్దమనిషి ఒకరైనా ఉంటారు. అయినా పొరుగుదేశం గురించి పేపర్లో చదివినదానికీ, ఆ దేశపు మనిషిని ఎదురుగా నిలదీసి విన్నదానికీ చాలా తేడా ఉంది. ఇక్కడ సభ్యత్వం దొరకడం గగనమే. ఎక్కువగా వినిపించేది ఇంగ్లిషే. ఆ లోటు లోటే.

ప్రసంగాల్లో చాలావాటికి మాత్రం టికెట్ లేదు, సభ్యత్వమూ అక్కర్లేదు. ముందొచ్చినవారికి ముందు సీటు. జోర్‌బాగ్, ఖాన్ మార్కెట్ మెట్రో స్టేషన్లు దగ్గర. నెలవారీ కార్యక్రమాల పట్టిక చూసుకుని వెళ్లండి. గదులు, భోజనశాల మాత్రం సభ్యులకు, వారి అతిథులకే.